గైడులో లేని షరతు

పోయిన నెల ఒక కుర్ర లెక్చరర్ ఫోన్ చేశాడు. కర్నూలు వైపు ఒక డిగ్రీ కాలేజీలో గణితం చెప్పడానికి కొత్తగా చేరాడట. నా నంబరు ఎవరో ఇచ్చారట. కుశల ప్రశ్నలు అయ్యాక అసలు సంగతికి వచ్చాడు.

"సార్, నాకు రియల్ అనాలిసిస్ ఇచ్చినారు. ఏ గైడు బాగుంటాది సార్?"

ఇది విద్యార్థి అడిగి ఉంటే సర్దుకునేవాణ్ణి. అడుగుతున్నది పాఠం చెప్పబోయేవాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "గైడు చూసి చెప్పేదానికి నువ్వెందుకప్పా? ఆ గైడునే కుర్చీలో కూర్చోబెడితే సరిపోదా?" అని ఫోన్ పెట్టేశాను.

కాఫీ తాగాక కూడా కోపం తగ్గలేదు గానీ, ఆ అబ్బాయి మీది నుంచి పక్కకు మళ్లింది. డిగ్రీలో, పీజీలో అతని చేతికి ఒక సరైన పుస్తకం ఎవరైనా ఇచ్చారా? ఇచ్చి ఉండరు. ఇచ్చే రోజులు పోయాయి. అందుకే అతని కోసం, అతని లాంటివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆదోనిలో మొదలుపెట్టి కడపలో రిటైరయ్యేదాకా నేను గణితమే చెప్పాను. బదిలీలు, ఇంక్రిమెంట్ల గురించి ఇక్కడ రాయను. వాటి గురించి మా స్టాఫ్ రూముల్లో ఇప్పటికే చాలినంత మాట్లాడుకున్నాం. పుస్తకాల పేర్లు కూడా రాయను. రాస్తే ఆ నాలుగు పేర్లు పట్టుకుపోయి మిగతాది చదవడం మానేస్తారు.

అద్దాల బీరువా

కడప కాలేజీ లైబ్రరీలో గణితానికి ఒక అద్దాల బీరువా ఉండేది. లోపల మంచి పుస్తకాలే ఉన్నాయి. నిర్వచనంతో మొదలుపెట్టి, వేసే ప్రతి అడుగుకూ కారణం చెప్పి, అధ్యాయం చివర లెక్కలిచ్చి, జవాబు ఇవ్వకుండా మనల్నే చేసుకోమనే రకం. ఎప్పుడో గ్రాంటు వచ్చినప్పుడు విషయం తెలిసినవాళ్లు ఎవరో తెప్పించారు. కానీ బీరువాకు తాళం వేసి, తాళంచెవి ప్రిన్సిపాల్ గారి సొరుగులో పెట్టారు. తనిఖీ బృందం వస్తోందంటే మాత్రం తాళం తీసి, దుమ్ము దులిపి, తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పుస్తకాలు వరసగా పేర్చేవాళ్లు. బృందం చూసేది, తల ఊపేది, భోజనం చేసి వెళ్లిపోయేది. పుస్తకాలు మళ్లీ లోపలికి పోయేవి.

నేను వెళ్లి అడిగాను.

"పిల్లోల్లకు ఇస్తే చింపుతారప్పా," అన్నారు ప్రిన్సిపాల్. "మల్లా తనిఖీకి ఏం చూపిస్తాం?"

"ఎవరూ చదవని పుస్తకాలు చూపిస్తే సిగ్గు కాదా సార్?"

"నీకు వాదన అంటే శానా ఇష్టం," అని నవ్వేశారు.

ఆయన చెడ్డమనిషి కాదు. ఎవరికి కష్టమొచ్చినా ముందు నిలబడేవారు. పుస్తకం విషయం వచ్చేసరికి మాత్రం దాన్ని కుర్చీలు, ఫ్యాన్ల లాంటి కాలేజీ ఆస్తిగానే చూసేవారు. ఇప్పుడూ అట్లాంటి బీరువాలు మన జిల్లాల్లో చాలా కాలేజీల్లో ఉన్నాయి. అద్దంలోంచి పుస్తకం వెన్ను చూసి పిల్లలు డిగ్రీ పూర్తి చేసుకుని వెళ్లిపోతున్నారు. ఇది దొంగతనం అంటే అధికారులకు కోపం వస్తుంది. రానివ్వండి. నేను నా పేరు మీద పుస్తకాలు తీసుకుని, అడిగినవాళ్లకు ఇచ్చేవాణ్ణి. అడిగేవాళ్లే తక్కువ.

"అది యాడుండాది సార్?"

అడిగినవాళ్లలో సుగుణ ఒకతె. నేను రిటైరయ్యే ముందు చివరగా చదువు చెప్పిన బ్యాచ్ అమ్మాయి. మైదుకూరు దగ్గర పల్లె. తండ్రి దేవదానం, కొంచెం సొంత సేద్యం, మిగతా రోజులు పసుపు చేలల్లో, ఉల్లి చేలల్లో కూలి పని. వాళ్లది తాతల కాలం నుంచీ చర్చికి పోయే కుటుంబం.

చర్చి సంగతి ఊరికే చెప్పడం లేదు. ఆ పిల్ల చదివే పద్ధతి అక్కడి నుంచే వచ్చింది. వాళ్ల చర్చిలో ప్రసంగం చేసే అయ్యగారు ఫలానా అధ్యాయం, ఫలానా వచనం అన్నారంటే కూర్చున్నవాళ్లందరూ బైబిలు తెరుస్తారు. ఆయన చెప్పిన మాట అక్కడ ఉందో లేదో చూసుకుంటారు. చదువు రాని అవ్వ సుగుణను పక్కన కూర్చోబెట్టుకుని, పేజీ తెరిపించి, ఆ మాట మీద వేలు పెట్టించి చదివించుకునేదట. అయ్యగారి మీద అనుమానం ఉండి కాదు, అది వాళ్ల అలవాటు. సుగుణ ఆ అలవాటునే గణితం క్లాసులోకి తెచ్చింది.

ఒకరోజు గైడు పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. అందులో ఒక సిద్ధాంతం కింద వేలు పెట్టి చూపించింది. ఒక అంతరం మీద అవిచ్ఛిన్నమైన ప్రమేయం ఏదైనా సరే, ఆ అంతరం మీద పరిబద్ధంగా ఉంటుందని ఉంది. అంతరం అంటే సంఖ్యారేఖ మీద ఒక ముక్క, ప్రమేయం అంటే అందులోని ప్రతి సంఖ్యకూ ఒక విలువ ఇచ్చే సూత్రం. అవిచ్ఛిన్నం అంటే మధ్యలో తెగకుండా సాగేది. పరిబద్ధం అంటే దాని విలువలు పైకి గానీ కిందికి గానీ ఒక హద్దు దాటిపోనిది. కింద నిరూపణ కూడా ఇచ్చారు.

"సార్, ఇక్కడ ఒక బిందువు తీసుకున్నారు. అది ఈ అంతరంలోనే ఉంటాదని రాసినారు. అది యాడుండాది సార్?"

నేను చూశాను. ఆ మాటకు ఆధారం ఎక్కడా లేదు. ఉండడానికి వీల్లేదు. అసలు సిద్ధాంతంలో ఒక షరతు ఉంది: అంతరానికి రెండు వైపులా కొనలుండాలి, ఆ రెండు కొనలూ అంతరంలో భాగం కావాలి. క్లోజ్డ్ ఇంటర్వల్ అంటారు. ఆ షరతు ఉంటేనే సుగుణ అడిగిన బిందువు బయటికి జారిపోకుండా లోపలే ఉంటుంది. గైడు ఆ షరతును ఎగరగొట్టి నిరూపణను మాత్రం ఉన్నదున్నట్టు ఉంచుకుంది. షరతు తీసేస్తే సిద్ధాంతమే తప్పు. సున్నాకూ ఒకటికీ మధ్య, ఆ రెండింటినీ వదిలేసి, ఒకటి బై ఎక్స్ తీసుకోండి. ఎక్కడా తెగదు. కానీ సున్నా దగ్గరికి పోయేకొద్దీ దాని విలువ పది, వెయ్యి, లక్ష అని పెరుగుతూనే ఉంటుంది. దానికి హద్దు ఎక్కడ?

"ఇదే గైడు మా క్లాసులో అందరి దగ్గరా ఉండాది సార్," అంది సుగుణ. ఆమె ముఖంలో భయం కనిపించింది. అందరూ నమ్మినదాన్ని తాను కాదంటోందని కాబోలు.

"అందరి దగ్గరా ఉంటే అందరి దగ్గరా తప్పు ఉన్నట్టే," అన్నాను. బీరువా పుస్తకాల్లో ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. పెన్సిలు పట్టుకుని చదవమన్నాను.

ఆ ఏడాదంతా ఆ పుస్తకం ఆమె దగ్గరే ఉంది. బస్సులో చదివింది, చేను గట్టు మీద చదివింది. అట్టకు పసుపు మరకలు పడ్డాయి, మూలలు అరిగాయి, పేజీల పక్కన పెన్సిలు ప్రశ్నలు నిండాయి. ఆమె తిరిగిచ్చాక తనిఖీ బృందం వచ్చింది. మళ్లీ తెల్లగుడ్డ, మళ్లీ పుస్తకాల వరస. ప్రిన్సిపాల్ గారు ఆ వరసలో సుగుణ చదివిన పుస్తకాన్ని చూసి, "ఛీ, ఇదేందప్పా ఇట్ల పాడు చేసినారు!" అని గబగబా తీసి బల్ల కింద దాచేశారు. ఆ బల్ల మీద ఎవరో చివరిదాకా చదివిన గుర్తులున్న గణిత పుస్తకం అదొక్కటే. దాన్నే దాచారు.

పుస్తకాన్ని ఎట్లా ఎంచుకోవాలి

సుగుణ ఆ గైడును పట్టుకున్న తీరులోనే పుస్తకం ఎంచుకునే పద్ధతి ఉంది. కొత్తగా చేరేవాళ్లు దీన్ని జాగ్రత్తగా వినండి.

పుస్తకం చేతికి రాగానే మీకు బాగా తెలిసిన అధ్యాయం తెరవండి. తెలియనిదాన్ని తెరిస్తే పుస్తకం మంచిదో చెడ్డదో మీకు తెలియదు, భయపడడం ఒక్కటే మిగులుతుంది. తెలిసిన చోట అది ఎంత నిజాయితీగా ఉందో ఇట్టే పట్టుకోవచ్చు. ఒక సిద్ధాంతం తీసుకుని, దాని షరతుల్లో ఒకదాన్ని వేలితో మూసేయండి. ఆ షరతు లేకపోతే ఏం చెడుతుందో ఆ పుస్తకం ఒక ఉదాహరణతో చూపిస్తుందా? చూపిస్తే కొనండి. షరతులు మంత్రంలా చదివి ముందుకు పోతే పక్కన పెట్టండి. షరతే లేకపోతే దుకాణదారుడికి తిరిగిచ్చేయండి.

"స్పష్టం" అన్న మాటను లెక్క పెట్టుకోండి. మంచి రచయిత నిజంగా స్పష్టమైన చోటే ఆ మాట వాడతాడు. తనకు చేతగాని చోట ఆ మాట వాడేవాణ్ణి నమ్మకండి.

అన్నిటికన్నా కష్టమైన పుస్తకంతో మొదలుపెట్టి, మూడో పేజీలో ఆగిపోయి, "నాకు గణితం రాదు" అనుకునే పిల్లలను నేను చాలామందిని చూశాను. వాళ్లకు ఆ పుస్తకం ఇచ్చిన లెక్చరర్లను కూడా చూశాను. పిల్లలకు ఉపయోగపడుతుందని కాదు, తమకు గొప్పగా ఉంటుందని ఇచ్చారు. గురువు లేకుండా ఒంటరిగా చదువుకునేవాళ్లకు కొంచెం ఓపికగా మాట్లాడే పుస్తకం కావాలి. లెక్కలకు పూర్తి జవాబులు వద్దు, చిన్న సూచనలు ఉంటే చాలు. క్లాసులో చదివేవాళ్లకు బిగుతైన పుస్తకం ఉన్నా ఫరవాలేదు, అడిగేదానికి ఎదురుగా మనిషి ఉంటాడు కదా. ఉంటాడనే నా ఆశ. ఐదు పుస్తకాలు సగం సగం చదివేకన్నా ఒక్క పుస్తకం లెక్కలతో సహా చదవడం మేలు. ఫోనులో వంద పుస్తకాలు దించుకుంటే ఒక్కటి కూడా చదవనట్టే. "పది నిమిషాల్లో యూనిట్ మొత్తం" అనే వీడియోల గురించి అడగకండి, నాకు బీపీ ఉంది.

ఇంగ్లీషు సంగతి ఒక్కటి చెప్పాలి. డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం చేసేశారు. పల్లె నుంచి వచ్చిన పిల్ల ఇంగ్లీషు వాక్యం అర్థం కాక బట్టీ పడుతుంది, పట్టిన వాక్యంలో ఒక మాట ఎగిరిపోయినా ఆమెకు తెలియదు. ఆ పిల్లకు గైడు కొనుక్కోమని చెప్పేవాడికి ఆ ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులో విడమరిచి చెప్పడానికి పది నిమిషాలు దొరకవు. నిర్వచనం తెలుగులో చెప్పుకుని, ఇంగ్లీషులో రాయండి. సుగుణ అదే చేసింది.

సున్నా

సుగుణకు బయట రాష్ట్రంలో మంచి విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. ప్రవేశ పరీక్ష తనంతట తానే చదివి రాసింది. డిగ్రీ పాసైన కాగితం గడువులోగా చూపించాలి, అంతే. ఇక్కడి ఫలితాలు వచ్చాయి. రియల్ అనాలిసిస్‌లో ఫెయిల్. సప్లిమెంటరీ రాసి పాసయ్యేసరికి అక్కడి గడువు దాటిపోతుంది. ఒక్క పేపరుతో సీటు చేజారిపోతోంది.

తండ్రీ కూతుళ్లు జవాబు పత్రం నకలు తెప్పించుకుని మా ఇంటికి వచ్చారు. దేవదానం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మా పాప తప్పు రాసిందా సార్?" అన్నాడు. "తప్పు రాసుంటే చెప్పండి, ఇంటికాడ కూర్చోని మల్లా చదువుకుంటాది. మాకు తెలీదు గదా."

చదివాను. ప్రశ్నపత్రంలో అదే సిద్ధాంతం, గైడులో ఉన్నట్టే, షరతు లేకుండా వచ్చింది: ఒక అంతరం మీద అవిచ్ఛిన్నమైన ప్రతి ప్రమేయమూ పరిబద్ధమని నిరూపించండి. సుగుణ మొదట ఈ వాక్యం సరైనది కాదని రాసింది. ఒకటి బై ఎక్స్ ఉదాహరణ ఇచ్చింది. తర్వాత షరతు పెట్టి, అసలు సిద్ధాంతాన్ని రాసి, ఒక్క మాట తప్పు లేకుండా నిరూపించింది. దాని పక్కన ఎర్ర సిరాతో సున్నా. మిగతా జవాబుల్లోనూ బీరువా పుస్తకం పద్ధతిలో నిరూపించిన చోటల్లా సగానికి పైగా కోత. గైడు వాక్యాలు కనిపించలేదని దిద్దినవాడికి అంత కోపం వచ్చింది.

"తప్పు రాయలేదు దేవదానం," అన్నాను. "నువ్వు కూర్చో ముందు."

"ఒప్పు రాసుంటే ఎందుకు తప్పించినారు సార్?"

ఆ నకలు నా దగ్గరే ఉంచమన్నాను.

మరుసటి రోజు పుస్తకం సంచిలో వేసుకుని మా విశ్వవిద్యాలయం పరీక్షల విభాగానికి పోయాను. ఆ పేపర్ దిద్దుడుకు చీఫ్‌గా ఉన్నాయన నాకు పాత స్నేహితుడే. ఆయన నా మాట పూర్తిగా వినకుండానే బల్ల సొరుగులోంచి గైడు తీశాడు.

"ఇదిగో, పుస్తకంలోనే ఉండాది గదప్పా."

"ఇది పుస్తకం కాదు," అని నా సంచిలోది తీసి ముందు పెట్టాను.

"అది ఫారిన్ పుస్తకం. మన సిలబస్ కాదు."

"సిలబస్ మారితే ఒకటి బై ఎక్స్ మారుతుందా? కాగితం తీయి. సున్నా దగ్గరికి పో. ఎంత అవుతాందో నువ్వే రాయి."

ఆయన పెన్ను తీశాడు. రాశాడు. ఒకప్పుడు గణితం బాగా వచ్చినవాడే. తర్వాత తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"తప్పే. ఇంగ ఏం చేయమంటావప్పా? పేపర్ ఇచ్చినోడు, కీ రాసినోడు, దిద్దినోల్లు, అందరిదీ బయటపడతాది. రిటైరయ్యే ముందు నీకెందుకీ తగాదా?"

"రిటైరయ్యే ముందు కాబట్టే," అన్నాను. గట్టిగానే అన్నాను. వరండాలో ఉన్నవాళ్లు తొంగి చూశారు. చూడనిచ్చాను. ఈ జవాబు సరిచేయకపోతే ఆ ఉదాహరణను పెద్ద అక్షరాలతో రాయించి మీ గేటుకే కట్టిస్తానని చెప్పాను. నిజంగా కట్టేవాణ్ణే.

అందరికీ మార్కులు

గడువులోపలే ఆదేశం వచ్చింది. ఆ ప్రశ్నను ప్రయత్నించిన విద్యార్థులందరికీ పూర్తి మార్కులు. కారణం ఏమీ రాయలేదు. తప్పు అన్న మాట ఎక్కడా లేదు.

సుగుణ పాసయింది. సీటు దక్కింది. దేవదానం ఉల్లిగడ్డల సంచి తెచ్చి మా వరండాలో పెట్టి, వద్దన్నా వినకుండా వెళ్లిపోయాడు. ఆ సంతోషాన్ని నేను కాదనను. కానీ ఆ ఆదేశం అర్థమేమిటో ఆలోచించండి. అబద్ధాన్ని గైడులో ఉన్నట్టు బట్టీ పట్టి "నిరూపించిన" వాళ్లకూ పూర్తి మార్కులే, అది అబద్ధమని నిరూపించిన పిల్లకూ పూర్తి మార్కులే. మిగతా జవాబుల్లో కోతలు కోతలుగానే ఉన్నాయి. మా విశ్వవిద్యాలయం దృష్టిలో తేడా ఏమీ లేదు. సుగుణ కూడా అదే అంది.

"మార్కులు ఇచ్చినారు గానీ సార్, నేను రాసింది ఒప్పని యాడా రాయలేదు."

ఆ తర్వాతి ఏడాది కర్నూలులో ఒక పుస్తకాల దుకాణంలో ఆ గైడు కొత్త ముద్రణ కనిపించింది. ఆశగా ఆ పేజీ తెరిచాను. సిద్ధాంతం షరతు లేకుండానే ఉంది. కొత్తగా చేర్చింది ఒక్కటే: పక్కన రెండు స్టార్ గుర్తులు వేసి, పోయిన పరీక్షలో వచ్చిందని రాశారు. అక్కడే నిలబడి తిట్టాను. దుకాణదారుడు కుర్చీ వేసి నీళ్లిచ్చాడు.

ఇప్పుడు

సుగుణ ఎమ్మెస్సీ బాగా చేసింది. ఇప్పుడు రాజంపేట వైపు ఒక డిగ్రీ కాలేజీలో గణితం చెబుతోంది. ఉద్యోగం పర్మనెంటు కాదు, ఏ ఏడాదైనా రావద్దనవచ్చు. ఆ కుర్ర లెక్చరర్‌తో మాట్లాడి నేను ఫోన్ పెట్టేసిన వారంలోనే ఆమె ఫోన్ చేసింది.

"సార్, ఈడ కూడా అందరి దగ్గరా అదే గైడు. తెమ్మన్నా. అందరితో ఆ పేజీ తెరిపించి వేలు పెట్టించినా. ఈ బిందువు లోపలే ఉంటాదని యాడుండాదో చూపించండి అన్నా."

"చూపించారా?"

"శానాసేపు ఎతికినారు. మల్లా ఒక పిల్ల లేసి, లేదు మేడమ్ అనింది. షరతు అందరితో పెన్నుతో రాయించినా. అప్పుడు ఆ పిల్లే అడిగింది సార్. పరీక్షలో గైడులో మాదిరే వస్తే ఏం రాయాల మేడమ్ అని."

ఇంత సర్వీసు చేసి, ఇన్ని మాటలు చెప్పి, ఆ పిల్లకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. నిజం రాయమంటే మార్కులు పోతాయి. అబద్ధం రాయమని నా నోటితో చెప్పలేను. చివరికి, "నువ్వేం చెప్పావమ్మా?" అని అడిగాను.

"ముందు తప్పని రాయండి, ఉదాహరణ ఇయ్యండి, మల్లా సరైంది నిరూపించండి అన్నా సార్. సున్నా వేస్తే ఆ కాగితం తీసుకోని నా దగ్గరికి రాండి, పుస్తకం ఎత్తుకోని నేనొస్తా అని చెప్పినా."

ఫోన్ పెట్టాక ఆ కుర్ర లెక్చరర్ నంబరు వెతికి, నేనే చేశాను. గైడు పేరు చెప్పలేదు. సుగుణ నంబరు ఇచ్చాను.